బిల్లు పాసైంది సరే, మీ ప్లాన్‌కు వర్తిస్తుందా?

అమెరికాలో ఏ రాష్ట్ర చట్టసభ ఆటిజం బిల్లు చేపట్టినా అరగంటలో ఆ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేస్తుంది. 'ఇక ఏబీఏ థెరపీకి ఇన్సూరెన్స్ ఇవ్వాల్సిందే' అని ఒకాయన రాస్తాడు. (ఏబీఏ అంటే ఆటిజం ఉన్న పిల్లలకు ఇచ్చే ప్రవర్తన చికిత్స.) కింద పది మంది దండాల బొమ్మలు పెడతారు. ఆర్నెల్లు తిరిగేసరికి అదే గ్రూపులో అదే ఆయన అడుగుతాడు: 'మా ఇన్సూరెన్స్ వాళ్లు ఈ చట్టం మాకు వర్తించదంటున్నారు. ఎవరికైనా తెలుసా?'

ఆయన అప్పుడు రాసిందీ నిజమే, ఇప్పుడు విన్నదీ నిజమే. బిల్లు పాసైంది, గవర్నరు సంతకం పెట్టారు, చట్టం అమల్లోకి వచ్చింది. అయినా ఆయన బిడ్డకు వర్తించదు. ఎందుకంటే ఆయన పనిచేసే కంపెనీ హెల్త్ ప్లాన్ ఆ చట్టసభ పరిధిలోనే లేదు. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు పిల్లల్ని థెరపీల చుట్టూ తిప్పుకునే అమ్మానాన్నలు బిల్లు చదివే ముందు ఒక్క సంగతి కనుక్కోవాలి. మీ క్లెయిముల డబ్బు ఎవరి జేబులోంచి పోతోంది?

ఉద్యోగం ద్వారా వచ్చే హెల్త్ ప్లాన్లు రెండు రకాలు. మొదటి రకంలో కంపెనీ నెలనెలా ప్రీమియం కట్టి భారమంతా బీమా సంస్థ మీద పెడుతుంది. దీన్ని ఫుల్లీ ఇన్సూర్డ్ అంటారు. రాష్ట్ర బీమా చట్టాలన్నీ దీనికి వర్తిస్తాయి. రెండో రకంలో కంపెనీ తన సొంత డబ్బుతోనే క్లెయిములు చెల్లిస్తుంది. ఏట్నా, సిగ్నా, యునైటెడ్‌హెల్త్‌కేర్ లాంటి సంస్థ కాగితాల పని, డాక్టర్ల జాబితా చూసిపెడుతుంది. ఇది సెల్ఫ్ ఫండెడ్. ఎరిసా అనే ఫెడరల్ చట్టం 1974లో వచ్చింది. దాని ప్రకారం సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ల జోలికి రాష్ట్ర బీమా చట్టాలు పోలేవు. యజమానుల ద్వారా బీమా ఉన్న ఉద్యోగుల్లో నూటికి అరవై మందికి పైగా ఈ రెండో రకంలోనే ఉన్నారు. కంపెనీ ఎంత పెద్దదైతే ఆ అవకాశం అంత ఎక్కువ. చిక్కేమిటంటే రెండు రకాలకూ జేబులో ఉండే కార్డు దాదాపు ఒకేలా కనిపిస్తుంది, దాని మీద బీమా సంస్థ ముద్ర కూడా ఒకటే.

టెక్సస్‌లో ఒక చిన్న ఆనవాలు ఉంది. రాష్ట్ర బీమా శాఖ పరిధిలోకి వచ్చే ప్లాన్ అయితే కార్డు మీద 'టీడీఐ' అనో 'డీఓఐ' అనో మూడక్షరాలు అచ్చువేసి ఉంటాయి. మిగతా చోట్ల అడిగి తెలుసుకోవడమే మేలు. హెచ్‌ఆర్‌కు నాలుగు ముక్కల్లో మెయిల్ పెట్టండి. మన మెడికల్ ప్లాన్ సెల్ఫ్ ఫండెడా, ఫుల్లీ ఇన్సూర్డా? ఫుల్లీ ఇన్సూర్డ్ అయితే పాలసీ ఏ రాష్ట్రంలో జారీ అయింది? సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ కాపీ పంపగలరా? అంతే. బిడ్డ గురించి ఒక్క మాట కూడా రాయనక్కర్లేదు. అడగడం మీ హక్కు, కారణం చెప్పడం మీ ఇష్టం. ఆ ప్లాన్ పుస్తకాన్ని రాతపూర్వకంగా కోరితే ప్లాన్ నిర్వాహకులు 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే కోర్టు రోజుకు 110 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు. ఈ సంగతి మెయిల్‌లో గుర్తు చేయాల్సిన అవసరం మామూలుగా రాదు.

పాలసీ ఏ రాష్ట్రంలో జారీ అయిందని అడగమనడానికి కారణం ఉంది. మనవాళ్లలో చాలామంది కన్సల్టెన్సీల కింద పనిచేస్తారు. కంపెనీ న్యూజెర్సీలో, క్లయింటు చికాగోలో, ఇల్లు టెక్సస్‌లో. సాధారణంగా పాలసీ జారీ అయిన రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది, మీరు ఉండే రాష్ట్రానిది కాదు. కాబట్టి టెక్సస్ బిల్లు పాసైతే మీకు ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. న్యూజెర్సీలో 2009లో వచ్చిన చట్టం మాత్రం మీకు పనికిరావచ్చు.

ఈ చట్టాలు ఒక్క రోజులో రాలేదు. 2001లో ఇండియానా మొదలుపెట్టింది. 2007లో సౌత్ కరోలినా, టెక్సస్ అందుకున్నాయి. కాలిఫోర్నియా చట్టం 2012 జూలైలో అమల్లోకి వచ్చింది, జార్జియాలో 2015లో. 2019 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఆటిజం కవరేజీ నిబంధన ఉంది. అయితే 'ఏదో ఒక రూపంలో' అన్నదే అసలు మెలిక. పెన్సిల్వేనియాలో 2008 చట్టం 51 మంది, ఆపైన ఉద్యోగులున్న యజమానుల ప్లాన్లకే వర్తిస్తుంది, అదీ 21 ఏళ్లలోపు వారికి. ఏడాదికి 36,000 డాలర్ల పరిమితితో మొదలుపెట్టి తర్వాత ధరలకు తగ్గట్టు పెంచుతూ వచ్చారు. టెక్సస్‌లో పదో పుట్టినరోజుకు ముందే ఆటిజం అని తేలి ఉండాలి. పదేళ్లు దాటాక ఏబీఏకు ఏడాదికి 36,000 డాలర్లకు మించి ఇవ్వాలన్న బలవంతం లేదు. అందుకే 'మా బావమరిదికి ఇచ్చారు, మాకెందుకివ్వరు' అన్న పోలిక పనికిరాదు. ఆయన రాష్ట్రం వేరు, ప్లాన్ వేరు, బిడ్డ వయసు వేరు.

సెల్ఫ్ ఫండెడ్ అని జవాబు వచ్చిందా? నిరాశ పడకండి, మీ పోరాటం జరగాల్సిన చోటు మారిందంతే. రాష్ట్ర చట్టం లేకపోయినా 2008 నాటి ఫెడరల్ పారిటీ చట్టం ఉంది. మానసిక ఆరోగ్య చికిత్సలకు మామూలు వైద్యం కంటే కఠినమైన షరతులు పెట్టకూడదని దాని సారం. ఆటిజం ఈ చట్టం కింద మానసిక ఆరోగ్య సమస్యగానే లెక్కలోకి వస్తుంది. కనుక ఆటిజం కోసం చేసే స్పీచ్ థెరపీకి 'ఏడాదికి ఇన్నిసార్లే' అని గిరి గీసి, మిగతా వైద్యానికి అలాంటి గిరి లేకపోతే, అది నిలదీయదగ్గ విషయమే. 2021లో ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ జిల్లా కోర్టు ఒక సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌లో ఏబీఏను పూర్తిగా మినహాయించడం పారిటీ చట్టానికి విరుద్ధమని తేల్చింది. అది ఒక జిల్లా కోర్టు తీర్పే, దేశమంతటికీ శాసనం కాదు. అయినా అప్పీల్ లేఖలో ఉదహరించడానికి గట్టి ఆధారం. ఇలాంటి ప్లాన్ల మీద ఫిర్యాదు రాష్ట్ర బీమా శాఖకు చేస్తే 'మా పరిధి కాదు' అని తిప్పి పంపుతారు. కేంద్ర కార్మిక శాఖలో ఎబ్సా అనే విభాగం ఉంది, అక్కడికి వెళ్లాలి. వాళ్ల సలహాదారులతో ఫోన్లో ఉచితంగా మాట్లాడవచ్చు. చాలామందికి ఈ సంగతే తెలియదు.

ఇంకో దారి కంపెనీనే అడగడం. సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌లో ఏం చేర్చాలో నిర్ణయించేది యజమానే కాబట్టి, ఒప్పించగలిగితే చట్టసభతో పని లేదు. మైక్రోసాఫ్ట్ ఏ చట్టం బలవంతమూ లేకుండా 2001లోనే ఏబీఏ కవరేజీ మొదలుపెట్టింది. అడగడానికి ఓ సమయం ఉంది. వచ్చే జనవరి నుంచి అమలయ్యే ప్రయోజనాలను చాలా కంపెనీలు ఎండాకాలంలోనే ఖరారు చేసుకుంటాయి. నవంబరులో ఓపెన్ ఎన్రోల్‌మెంట్ మెయిల్ వచ్చాక అడిగితే 'వచ్చే ఏడాది చూద్దాం' అంటారు. మార్చి, ఏప్రిల్‌లోనే కదలాలి. ఒక్కరుగా కాకుండా అదే అవసరమున్న నలుగురైదుగురు కలిసి ఒకే లేఖ రాస్తే బెనిఫిట్స్ వాళ్లకు కూడా పైవాళ్లతో మాట్లాడటం తేలిక. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో 31 మందిలో ఒకరికి ఆటిజం ఉందని సీడీసీ 2025లో ప్రకటించింది. వెయ్యిమంది ఉద్యోగులున్న కంపెనీలో ఇది ఒక్క ఇంటి గొడవ కాదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఉద్యోగం మారేటప్పుడు మనం జీతం, గ్రీన్‌కార్డు ఎప్పుడు మొదలుపెడతారు, ఇంటి నుంచి పని ఎన్ని రోజులు అని అడుగుతాం. థెరపీ నడుస్తున్న ఇంట్లో ఈ వరుసలో ప్లాన్ కూడా చేరాలి. ఆఫర్ మీద సంతకం పెట్టే ముందే ప్లాన్ పుస్తకం తెప్పించుకోండి. అందులో ఎక్స్‌క్లూజన్స్ అనే భాగం ముందు చదవండి. 'ఇస్తాం' అన్న పేజీ కంటే 'ఇవ్వం' అన్న పేజీ నిజాయితీగా ఉంటుంది. ప్రస్తుత ఏబీఏ సెంటర్ కొత్త ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉందా అని సెంటర్ బిల్లింగ్ వాళ్లనే అడగండి. వెబ్‌సైట్ జాబితాలు చాలాసార్లు పాతబడి ఉంటాయి.

ఉద్యోగం మారే నెల కూడా చూసుకోవాలి. వారానికి ఇరవై గంటల థెరపీ నడుస్తుంటే డిడక్టిబుల్ వసంతకాలంలోపే అయిపోతుంది, ఇంటి మొత్తం జేబు ఖర్చు పరిమితి ఎండాకాలానికి నిండిపోవచ్చు. ఆ పరిమితి చట్టప్రకారం 2025లో కుటుంబానికి 18,400 డాలర్ల దాకా ఉండేది. అది నిండాక ఏడాది చివరిదాకా నెట్‌వర్క్‌లో కవరైన వైద్యానికి మీరు పైసా కట్టరు. సెప్టెంబరులో ఉద్యోగం మారితే కొత్త ప్లాన్ కింద లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. వీలైతే చేరే తేదీ జనవరికి జరపమని అడగండి. కుదరదంటే ఆ ఖర్చును జాయినింగ్ బోనస్ బేరంలో కలపండి. జీతం దగ్గర మొహమాటపడని మనవాళ్లు ఈ అంకె దగ్గర ఎందుకు మొహమాటపడతారో నాకు అర్థం కాదు.

లేఆఫ్ వస్తే? హెచ్-1బి మీద ఉన్నవాళ్లు 60 రోజుల గడువు గురించే ఆలోచిస్తారు, అది సహజమే. ఇన్సూరెన్స్‌కు కూడా ఒక 60 రోజుల గడువు ఉంది. ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ అయితే కోబ్రా అనే ఫెడరల్ చట్టం కింద పాత ప్లాన్‌నే సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. మొత్తం ప్రీమియం మీద రెండు శాతం కలిపి మీరే కట్టాలి, అది తక్కువ మొత్తమేమీ కాదు. అయితే ఎంచుకోవడానికి కనీసం 60 రోజులు ఇస్తారు, ఎప్పుడు ఎంచుకున్నా బాకీ కట్టేస్తే కవరేజీ ఆగిపోయిన నాటి నుంచే లెక్క. కాగితాలు దగ్గర పెట్టుకుని, కొత్త ఉద్యోగం వస్తుందేమో చూసి, మధ్యలో పెద్ద ఖర్చు వస్తేనే ఎంచుకునేవాళ్లు ఉన్నారు. భార్యకో భర్తకో ఉద్యోగం ఉంటే వాళ్ల ప్లాన్‌లో చేరడానికి మాత్రం సాధారణంగా 30 రోజులే. ఈ గడువు జారిపోతే మళ్లీ ఓపెన్ ఎన్రోల్‌మెంట్ దాకా ఆగాలి. ప్లాన్ ఏది మారినా పాత అప్రూవల్ కొత్త చోట చెల్లదు. ఆఖరి రోజుకు ముందే థెరపీ సూపర్‌వైజర్ దగ్గర తాజా ప్రోగ్రెస్ రిపోర్టు, మొదటి డయాగ్నోసిస్ రిపోర్టు తీసి పెట్టుకోండి.

ఇప్పుడు కాస్త దగ్గరగా చూడాల్సింది అప్రూవల్ లేఖ. 'అప్రూవ్డ్' అన్న మాట చూడగానే చాలామంది మడిచి లోపల పెట్టేస్తారు. కింద అంకెలు చూడండి. బిడ్డతో టెక్నీషియన్ కూర్చుని చేసే థెరపీకి 97153 అనే కోడ్ వాడతారు. ఒక యూనిట్ అంటే 15 నిమిషాలు. డాక్టరు వారానికి 20 గంటలు రాస్తే అది 80 యూనిట్లు. ఆరు నెలలకు, అంటే 26 వారాలకు, 2,080 యూనిట్లు. లేఖలో 1,040 అని ఉందంటే సగం కోసేశారన్నమాట. పేరుకు అప్రూవలే, లెక్కకు సగం తిరస్కారం. అలా తగ్గించి ఇవ్వడం కూడా చట్టం దృష్టిలో తిరస్కారమే కనుక అప్పీల్ చేసుకోవచ్చు. సూపర్‌వైజర్ గంటలు, తల్లిదండ్రులకు నేర్పే గంటలు వేరే కోడ్లలో ఉంటాయి. కోత పడేది తరచు అక్కడే, మనం చూడనిదీ అక్కడే.

అప్పీల్‌కు 180 రోజులు గడువు. ముందు ఒక చిన్న లేఖ రాసి మూడు అడగండి: ఏ ప్రమాణం ప్రకారం కాదన్నారు, ఆ ప్రమాణం కాపీ, చూసిన నిపుణుడి అర్హత. 'మెడికల్లీ నెసెసరీ కాదు' అన్న ఒక్క ముక్కకు జవాబు రాయలేం. ప్రమాణం చేతికొచ్చాక దాని ఒక్కో అంశానికీ బిడ్డ రిపోర్టులోంచి ఆధారం చూపిస్తూ సూపర్‌వైజర్ చేత రాయించండి. మీ కన్నీళ్లు లేఖలో పెట్టకండి, అక్కడ చదివేవాళ్లు గళ్లు నింపుకునేవాళ్లు. లోపలి అప్పీల్ ఓడితే వైద్య అవసరం మీద తిరస్కరించిన కేసుల్లో బయటి స్వతంత్ర సమీక్షకు నాలుగు నెలల గడువు ఉంటుంది. ఆ సమీక్షకుల మాటకు ప్లాన్ కట్టుబడాలి. మొదటి 'నో' దగ్గరే ఆగిపోయే ఇళ్లు ఎక్కువ. బీమా సంస్థలకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

గంటల గురించి ఇక్కడే ఓ మాట చెప్పాలి. నలభై గంటలు ఇప్పించుకున్నామని గొప్పగా చెప్పుకునే ధోరణి మన గ్రూపుల్లో కనిపిస్తుంది. ఆటిజంతో పెరిగి పెద్దవాళ్లైన కొందరు ఏబీఏ తమను అలసగొట్టిందని, తమ తీరును దాచుకోమని నేర్పిందని రాస్తున్నారు. బిడ్డకు ఎంత కావాలో అంతే అడగండి. బీమా ఎంత ఇస్తుందో దాన్నిబట్టి బిడ్డ రోజును కొలవకండి.

సెలవు సంగతి. యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న యజమాని దగ్గర ఏడాది పనిచేసి, ఆ ఏడాదిలో 1,250 గంటలు నిండితే సాధారణంగా ఎఫ్ఎంఎల్ఏ అనే ఫెడరల్ సెలవు చట్టం కింద ఏటా 12 వారాల జీతం లేని సెలవుకు హక్కు ఉంటుంది. దాన్ని ఒకేసారి వాడనక్కర్లేదు. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు, గురువారం రెండు గంటలు అని ముక్కలుగా తీసుకోవచ్చు. అర్హత ఉన్న బిడ్డ విషయంలో స్కూల్లో ఐఈపీ (బిడ్డ ప్రత్యేక విద్యా ప్రణాళిక) మీటింగుకు వెళ్లడం కూడా దీని కిందికి వస్తుందని కార్మిక శాఖ 2019లో అభిప్రాయం చెప్పింది. డాక్టరు ఫారం ఒకసారి నింపించి ఇస్తే, ప్రతిసారీ మేనేజర్ ముందు సంజాయిషీ చెప్పుకునే బాధ తప్పుతుంది. హెచ్-1బి వాళ్లు ఇలాంటి సెలవు అడగడానికి భయపడతారు. ఉద్యోగి తన అవసరం కోసం కోరి తీసుకున్న సెలవు, యజమాని పని లేక బెంచ్ మీద కూర్చోబెట్టడం ఒకటి కాదు. కోరిన మెయిల్, ఇచ్చిన అనుమతి దాచుకోండి.

ఇన్సూరెన్స్‌తో సంబంధం లేని తలుపులు కొన్ని ఉన్నాయి. మూడేళ్లలోపు బిడ్డకు ఎర్లీ ఇంటర్వెన్షన్, మూడేళ్ల నుంచి పబ్లిక్ స్కూలు బాధ్యత. ఐడియా అనే ఫెడరల్ ప్రత్యేక విద్యా చట్టం కింద వచ్చే ఈ సేవలకు వీసా ఏమిటని అడగరు. కాలిఫోర్నియాలో వైకల్యం ఉన్నవారికి సేవలిచ్చే రీజినల్ సెంటర్లు కూడా పౌరసత్వం చూడవు. మెడికెయిడ్ వైవర్లు (ఆ ప్రభుత్వ బీమా కింద ఇంటి దగ్గరే సేవలిచ్చే ప్రత్యేక పథకాలు) వేరే కథ. టెక్సస్‌లో కొన్ని వైవర్లకు వరుసలో పదేళ్లకు పైగా నిలబడాల్సి వస్తోంది. అక్కడ ఉంటే ఆటిజం అని తేలిన వారంలోనే పేరు రాయించండి. రాష్ట్రం మారితే ఆ వరుసలో స్థానం వెంట రాదు. అమెరికాలో పుట్టిన బిడ్డకూ వీసా మీద వచ్చిన బిడ్డకూ మెడికెయిడ్ నిబంధనలు వేరు, ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే దరఖాస్తు పెట్టండి.

చట్టసభల్లో ఇప్పుడు గాలి వీస్తున్నది కూడా మెడికెయిడ్ వైపే. ప్రైవేటు బీమా మీద కొత్తగా వేయాల్సిన నిబంధనలు చాలావరకు వేసేశారు, ఇప్పుడు చర్చంతా మెడికెయిడ్ ఖర్చు మీద. మొట్టమొదట చట్టం తెచ్చిన ఇండియానాలోనే మెడికెయిడ్ ఏబీఏ చెల్లింపుల్లో కనీసం 5.6 కోట్ల డాలర్లు నిబంధనలకు విరుద్ధంగా పోయాయని ఫెడరల్ ఆడిట్ 2024 చివర్లో తేల్చింది. నెబ్రాస్కా 2025లో కొన్ని ఏబీఏ సేవల రేట్లను సగం దగ్గరికి కోసింది. ఇది ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకు పట్టని గొడవ అనుకోకండి. రేటు గిట్టక సెంటర్ మూతపడితే మీ అప్రూవల్ లేఖ పట్టుకుని వెళ్లడానికి చోటుండదు.

కాబట్టి ప్రజాప్రతినిధికి మెయిల్ రాసేటప్పుడు ఆయన చేతిలో ఉన్నదే అడగండి. మీ కంపెనీ సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ ఆయన చేతిలో లేదు. వైవర్ వరుసలకు నిధులు, మెడికెయిడ్ రేట్లు, ఫుల్లీ ఇన్సూర్డ్ ప్లాన్లలో వయసు పరిమితి, థెరపిస్టుల లైసెన్సులు ఆయన చేతిలో ఉన్నాయి. బిల్లు నంబరు, మీ జిప్ కోడ్, మీ ఇంట్లో దానివల్ల మారేది ఒక్కటి రాస్తే చాలు. బిడ్డ పేరు, స్కూలు పేరు వద్దు, ఆ కాగితం ప్రజా రికార్డులోకి వెళ్తుంది. గ్రీన్‌కార్డు కూడా లేనివాళ్లు ఎన్నికల ప్రచారానికి విరాళం ఇవ్వడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం, ఆ పొరపాటు చేయకండి. మాట్లాడటానికి మాత్రం అడ్డం లేదు. టెక్సస్ చట్టసభ మామూలుగా బేసి సంవత్సరాల్లోనే, జనవరి నుంచి 140 రోజులు కూర్చుంటుంది. చాలా రాష్ట్రాల్లో ఏటా వసంతకాలంలో కూర్చుంటారు. కమిటీ విచారణలో రెండు, మూడు నిమిషాలు మాట్లాడటానికి మీరు ఓటరు కానక్కర్లేదు. తేదీ ఒక్కోసారి రెండు మూడు రోజుల ముందే ప్రకటిస్తారు, మేనేజర్ చెవిన ఆ మాట ఇప్పుడే వేసి ఉంచండి.